మరమనిషి లోపలి మనిషి

1980 జనవరి 26న జపాన్‌లో ‘మొబైల్ సూట్ గండమ్’ అనే యానిమేషన్ టీవీ సీరియల్ అర్ధాంతరంగా ముగిసింది. 52 ఎపిసోడ్లు తీద్దామని మొదలుపెట్టినవాళ్లు 43తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. చూసేవాళ్లు తక్కువ. ఖర్చు భరిస్తున్న క్లోవర్ కంపెనీ బొమ్మలు ఆశించినంతగా అమ్ముడుపోలేదు. బొమ్మల కంపెనీ డబ్బుతో నడిచే పిల్లల కార్యక్రమం ఆగిపోవడానికి ఆ కారణం చాలు. దర్శకుడు యొషియుకి తొమినో మిగిలిన కథను కుదించాడు. యుద్ధాన్ని ఒక కొలిక్కి తెచ్చి, బతికి బయటపడ్డవాళ్లను ఒక చిన్న నౌకలోకి చేర్చి తెర దించాడు.

అలా ఆగిపోయిన కథకు ఇప్పుడు నలభై అయిదేళ్లు దాటాయి. దాని శాఖలు ఇంకా చిగురిస్తూనే ఉన్నాయి. 2025లో కూడా అదే యుద్ధాన్ని మరో కోణంలో తిరగరాస్తూ కొత్త సీరియల్ వచ్చింది. గండమ్ చూపిన దారిలో జపాన్‌లో ఎన్నో అంతరిక్ష యుద్ధ కథలు పుట్టాయి. చూడనివాళ్లకు ఇదంతా పిల్లల సరదాలా అనిపించడం సహజం. ఆకాశంలో ఇనుప బొమ్మలు కత్తులు దూసుకుంటే పెద్దవాళ్లు కళ్లనీళ్లు పెట్టుకోవడం ఏమిటన్న ప్రశ్న న్యాయమైనదే. యంత్రాల అందం, పేలుళ్ల హోరు, అంతరిక్షపు విస్తారం వంటి జవాబులు ఉన్నాయి. అవన్నీ నిజమే కానీ నాకు చాలవు. ఈ కథల పట్టు వేరేచోట ఉందని నా నమ్మకం. మొదట యంత్రంలో కూర్చున్న మనిషి కనిపించాడు. తర్వాత ఎదుటి యంత్రంలో కూర్చున్న మనిషి కూడా కనిపించాడు. శత్రువు ముఖం కనిపించడం మొదలయ్యాక ఇక అది పిల్లల ఆటగా మిగల్లేదు. ఆ ముఖం ఎలా తేటపడుతూ వచ్చిందో చూడాలంటే రెండో ప్రపంచ యుద్ధపు బూడిద దగ్గరికి వెళ్లాలి.

1956లో మిత్సుతెరు యొకోయామా ‘తెత్సుజిన్ 28’ అనే బొమ్మల కథ మొదలుపెట్టాడు. ఆయన పుట్టింది కోబే నగరంలో, 1934లో. పదకొండేళ్ల వయసుకు ఆ నగరం అమెరికన్ బాంబర్ల దాడుల్లో తగలబడిపోయింది. ఆయన ఊహించిన ఉక్కు మరమనిషి యుద్ధం చివరి రోజుల్లో జపాన్ సైన్యం రహస్యంగా తయారుచేయించిన ఆయుధం. సైన్యం ఓడిపోయింది, ఆయుధం మిగిలిపోయింది. దాని రిమోట్ ఒక బాలుడి చేతికొచ్చింది. ఆ పెట్టె ఎవరి చేతిలో ఉంటే మరమనిషి వాళ్ల మాటే వింటాడు. మంచికీ చెడుకీ మధ్య ఉన్నదల్లా ఆ పెట్టే. ఈ ఒక్క ఊహలోనే తర్వాతి అరవై ఏళ్ల కథలకు కావలసిన భయమంతా ఉంది.

1980లలో దూరదర్శన్ చూసిన భారతీయ ప్రేక్షకుల్లో కొందరికి ‘జెయింట్ రోబోట్’ గుర్తుండే ఉంటుంది. చేతి గడియారంలో మాట్లాడి మహా మరమనిషిని నడిపే పిల్లాడి కథ అది. జపాన్‌లో 1967లో మనుషులు నటించగా తీసిన ఆ ధారావాహికకు మూలం కూడా యొకోయామా బొమ్మల కథే. చివరి భాగంలో ఆ మరమనిషి పిల్లాడి మాట కాదని, శత్రువును పట్టుకుని తానుగా ఆకాశంలోకి ఎగిరిపోయి పేలిపోతాడు. అయినా మరమనిషి ఇంకా బయటే ఉన్నాడు, పిల్లాడు నేల మీదే ఉన్నాడు. దెబ్బ తగిలితే ఇనుముకు తగులుతుంది, పిల్లాడికి కాదు.

ఆ దూరాన్ని గో నగాయ్ చెరిపేశాడు. 1972 డిసెంబరులో మొదలైన ‘మజింగర్ జెడ్’లో హీరో ఒక చిన్న విమానం నడుపుకుంటూ వచ్చి మరమనిషి తలలోనే దిగుతాడు. ఇప్పుడు రోబో చెయ్యి విరిగితే లోపలివాడు అదిరిపడతాడు, నొప్పితో అరుస్తాడు. ఉక్కు శరీరం ధరించిన కుర్రాడి ఆనందమూ భయమూ చూసేవాళ్లకు నేరుగా అందాయి. 1974లో లోహంతో పోతపోసిన మజింగర్ బొమ్మలు బజారుకు రాగానే దుకాణాలు ఖాళీ అయ్యాయి. అప్పటి నుంచి బొమ్మల కంపెనీ డబ్బు పెట్టాలి, స్టూడియో వారానికో కొత్త రాక్షస యంత్రాన్ని చూపాలి, హీరో దాన్ని ముక్కలు చేయాలి అన్న ఒప్పందం స్థిరపడిపోయింది. ఆ రాక్షస యంత్రాల్లో మనుషులు లేరు. ఉన్నా వాళ్ల గురించి ఎవరూ అడగలేదు.

అడిగినవాళ్లలో ముందువరసలో ఉండాల్సిన పేరు తదావ్ నగహామా. 1976, 1977లలో ఆయన తీసిన ‘కంబాట్లర్ వి’, ‘వోల్టెస్ ఫైవ్’ కథల్లో శత్రు సేనానులు అందగాళ్లు, అభిమానధనులు, మోసపోయినవాళ్లు. వోల్టెస్ ఫైవ్‌లో భూమి మీదికి దండెత్తి వచ్చిన రాకుమారుడు హైనెల్, భూమిని కాపాడుతున్న అన్నదమ్ములకు సవతి సోదరుడని చివర్లో తెలుస్తుంది. కొమ్ములున్నవాళ్లు ప్రభువులు, లేనివాళ్లు బానిసలుగా బతికే గ్రహం వాళ్లది. తిరుగుబాటుతో ముగిసే ఈ కథ ఫిలిప్పీన్స్‌లో పిల్లలను ఉర్రూతలూగించింది. 1979లో మార్కోస్ ప్రభుత్వం చివరి ఎపిసోడ్లు మిగిలి ఉండగానే దాన్ని టీవీ నుంచి తీయించేసింది. ఆ తరానికి అది మానని గాయంగా ఉండిపోయిందంటే ఆశ్చర్యం లేదు. 2023లో ఫిలిప్పీన్స్ వాళ్లు మనుషులు నటించిన వోల్టెస్‌ను సొంతంగా తీసుకున్నారు.

ఇదే కాలంలో ‘అంతరిక్ష యుద్ధనౌక యమతో’ వచ్చింది. అందులో రోబోల ప్రతాపం లేదు గానీ, 1945 ఏప్రిల్‌లో సముద్రంలో మునిగిన అసలు యుద్ధనౌక అంతరిక్షానికి ఎగిరింది. 1974లో టీవీలో అదీ అనుకున్నదానికంటే ముందే ఆగిపోయింది. 1977లో సినిమాగా కుదించి విడుదల చేస్తే థియేటర్ల ముందు యువకులు బారులు తీరారు. శత్రువు రాజధానిని నేలమట్టం చేశాక హీరో ఆ శిథిలాలు చూసి కుంగిపోతాడు, మనం చేయాల్సింది పోరాటం కాదని ఏడుస్తాడు. గెలిచినవాడు ఏడవడాన్ని అంతమంది కుర్రకారు డబ్బిచ్చి చూడటం పరిశ్రమకు ఒక సూచన.

తొమినో ఆ సూచనను అందరికంటే కటువుగా అందుకున్నాడు. 1941లో ఒదవారాలో పుట్టిన ఆయన, ఒసాము తెజుకా స్థాపించిన ముషి ప్రొడక్షన్‌లో ‘ఆస్ట్రో బాయ్’తో పని నేర్చుకున్నాడు. తర్వాత ఎక్కడ పని దొరికితే అక్కడ సీన్ల బొమ్మలు గీసి బతికాడు. 1977లో ఆయన తీసిన ‘జాంబాట్ 3’ పైకి మామూలు మూడు ముక్కల రోబో కథే. లోపల వేరే సంగతి నడుస్తుంది. హీరో కుటుంబం శత్రువుతో పోరాడినప్పుడల్లా ఊళ్లు కాలిపోతాయి. ఇళ్లు పోగొట్టుకున్న జనం హీరో మీదే రాళ్లేస్తారు. మీవల్లే వాళ్లు మా మీద పడ్డారంటారు. శత్రువులు మామూలు మనుషులను పట్టుకెళ్లి, వాళ్లకే తెలియకుండా ఒంట్లో బాంబులు అమర్చి వెనక్కి పంపిస్తారు. ఆ సంగతి తెలిసినవాళ్లు తమవాళ్లకు దూరంగా నడిచిపోయే దృశ్యం పిల్లల టీవీ ఎన్నడూ ఎరగనిది. రోబో ఎక్కి పోరాడినవాళ్లలో చివరికి మిగిలేది ఒక్క పిల్లాడు. ఇంతమంది పోయి కాపాడిన మనుషులు దానికి తగినవాళ్లేనా అని శత్రు యంత్రం అడిగిన ప్రశ్నకు వాడి దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత రెండేళ్లకు, 1979 ఏప్రిల్ 7న, గండమ్ మొదలైంది.

దాన్ని తయారుచేసిన సన్‌రైజ్ స్టూడియో ముషి ప్రొడక్షన్ నుంచి బయటికొచ్చినవాళ్లు 1972లో పెట్టుకున్నది. పాత్రలు గీసిన యొషికజు యసుహికోను 1960ల విద్యార్థి ఉద్యమంలో పాల్గొన్నందుకు హిరొసాకి విశ్వవిద్యాలయం బహిష్కరించింది. యంత్రాలు గీసిన కునియో ఒకావారా చేతిలో ఇనుముకు బరువు వచ్చేది. వీళ్లు పిల్లలకు కథ చెప్పడానికి కూర్చున్నా, పెద్దల లోకం గురించి తమకున్న కోపాన్ని దాచుకోలేదు. కోపంతోబాటు శాస్త్రమూ చదివారు. అమెరికా భౌతిక శాస్త్రవేత్త జెరార్డ్ ఓనీల్ 1974లో అంతరిక్ష వలస నగరాల ప్రతిపాదన చేశాడు. 32 కిలోమీటర్ల పొడవు, ఆరు కిలోమీటర్లకు మించిన వ్యాసం ఉన్న గొట్టాలు తమచుట్టూ తాము తిరుగుతుంటే లోపలి గోడ మీద నేల, ఊళ్లు, నదులు ఉంటాయి. గండమ్ లోకం ఆ గొట్టాల్లోనే ఉంది. భూమికి అత్యంత దూరంలో ఉన్న కాలనీలు జియాన్ రాజ్యంగా ప్రకటించుకుని స్వాతంత్ర్యం కోసం భూసమాఖ్య మీద యుద్ధానికి దిగుతాయి. ఒక కాలనీలోని జనాన్ని విషవాయువుతో చంపి, ఆ గొట్టాన్నే ఆయుధంగా భూమి మీదికి తోసేస్తాయి. నెల తిరిగేసరికి మానవజాతిలో సగం లేదు. ఆ సంగతి మొదటి ఎపిసోడ్ మొదట్లోనే, అసలు కథ మొదలవకముందే చెప్పేస్తారు. ఆ తర్వాత నడిచేది అలసిపోయిన రెండు సైన్యాల మధ్య మిగిలిన యుద్ధం.

ఇక్కడే వాళ్లు పన్నిన ఒక ఉపాయాన్ని నేను గొప్పగా మెచ్చుకుంటాను. అంతరిక్ష యుద్ధం నిజంగా జరిగితే రాడార్లు, క్షిపణులతో వేల కిలోమీటర్ల దూరం నుంచే అయిపోవాలి. మనిషి ఆకారంలో పద్దెనిమిది మీటర్ల యంత్రాన్ని నిలబెట్టి కత్తిసాము చేయించాల్సిన అవసరమే రాదు. రోబోలు కావాలన్నది బొమ్మల కంపెనీ పట్టు. దానికి తర్కం కావాలన్నది ఈ బృందం పట్టు. అందుకని మినోవ్‌స్కీ కణాలనే ఒక ఊహను కథలోకి తెచ్చారు. వాటిని వెదజల్లితే రాడార్ పనిచేయదు, రేడియో సరిగా అందదు, దూరపు గురి కుదరదు. ఇక ఎవరినైనా చంపాలంటే కంటికి కనిపించేంత దగ్గరికి వెళ్లాలి. యుద్ధాన్ని మళ్లీ మనిషి చూపు అందే దూరానికి తెచ్చిన ఊహ ఇది. కురుక్షేత్రంలో అర్జునుడు రథాన్ని రెండు సేనల మధ్య నిలపమన్నది ఎదుట ఎవరున్నారో చూడటానికే. చూశాకే గాండీవం జారింది. గండమ్ కథకు ఆ కణాలు కావలసి వచ్చింది కూడా అందుకే.

ఆ దగ్గరతనాన్ని తొమినో ఎలా వాడుకున్నాడో ఒక్కో ఎపిసోడ్‌లో చూస్తే అబ్బురంగా ఉంటుంది. అమురో రే పదిహేనేళ్ల పిల్లాడు, యంత్రాలతో తప్ప మనుషులతో కలవలేనివాడు. తండ్రి తయారుచేసిన గండమ్ అనే యుద్ధయంత్రంలోకి ప్రాణభయంతో ఎక్కి, ఆ తర్వాత దిగలేకపోతాడు. పందొమ్మిదో ఎపిసోడ్‌లో వాడు తమ యుద్ధనౌక విడిచి పారిపోయి, ఎడారిలోని ఒక భోజనశాలలో కూర్చుని ఉండగా జియాన్ సైనికులు వస్తారు. వాళ్ల నాయకుడు రాంబా రాల్ మనిషి పెద్దవాడు, నిబ్బరమున్నవాడు. అతని సహచరి హామోన్ పిల్లాడికి అన్నం పెట్టించబోతుంది. తాను బిచ్చగాణ్ని కానని అమురో కాదంటాడు. ఆ పౌరుషం రాల్‌కు నచ్చుతుంది. కాసేపటికి యుద్ధంలో రెండు యంత్రాలూ దెబ్బతిని కాక్‌పిట్లు బయటపడతాయి. తనను ఇంత ఇబ్బందిపెడుతున్న తెల్ల యంత్రంలో ఆ కుర్రాడే ఉన్నాడని రాల్ చూస్తాడు. ఆ ఒక్క క్షణం కోసమే ఆ ఎపిసోడ్ అంతా కట్టినట్టుంటుంది. తర్వాతి భాగంలో రాల్ చనిపోతాడు. అమురోకు దొరికిన మొదటి నిజమైన పెద్దమనిషి శత్రుపక్షంలోవాడు.

అంతకుముందు, పదమూడో ఎపిసోడ్‌లో, అమురో చాన్నాళ్ల తర్వాత తల్లిని చూడటానికి వెళ్తాడు. శరణార్థి శిబిరంలో సోదాకు వచ్చిన శత్రు సైనికుణ్ని తల్లి కళ్లెదుటే కాలుస్తాడు. ఆమె కొడుకును దగ్గరికి తీసుకోదు. ఆ పడినవాడికీ ఇల్లూ పిల్లలూ ఉండి ఉంటారు కదా అన్న బాధే ఆమెది. అమ్మకు తన మీద ప్రేమ లేదా అన్నది వాడి బాధ. ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టలేం. చివర్లో కలిసిన తండ్రి పరిస్థితి ఇంకా దారుణం. ప్రాణవాయువు అందక మెదడు దెబ్బతిన్న ఆ ఇంజనీరు, యంత్రానికి ఇది బిగించమని కాలం చెల్లిన ఒక పరికరాన్ని కొడుకు చేతిలో పెడతాడు. అమురో బయటికొచ్చి దాన్ని నేలకేసి కొడతాడు.

ఇక లాలా సూన్. నుదుట బొట్టు, చామనచాయ, పసుపు గౌను. చూడగానే భారతీయ అమ్మాయి అని మనకు తోస్తుంది. తటస్థ కాలనీలో వర్షం కురిపించే వేళలో, కొలను ఒడ్డున అమురోకు ఎదురవుతుంది. బురదలో దిగబడ్డ అతని బండిని బయటికి లాగడానికి ఆమె, ఆమెను చేరదీసిన జియాన్ యోధుడు చార్ అజ్నబుల్ సాయపడతారు. చార్ ముసుగు ధరించిన మనిషి, కథకు రెండో నాయకుడు. ఆ రోజు ఒకరినొకరు మర్యాదగా పలకరించుకున్న ముగ్గురూ కొద్దికాలానికి యుద్ధరంగంలో తారసపడతారు. అంతరిక్షంలో బతికే మనుషులు మాటల్లేకుండానే ఒకరినొకరు అర్థం చేసుకునేలా మారతారన్నది ఈ కథలోని కల. అలా మారినవాళ్లను న్యూటైప్‌లంటారు. అమురో, లాలా మనసులు నిజంగానే కలుస్తాయి, ఒకరిని ఒకరు చంపడానికి వచ్చిన వేళ. చార్ మీదికి దూసిన కత్తికి లాలా అడ్డుపడి చనిపోతుంది, అమురో చేతిలో. అర్థం చేసుకోగలిగినా చంపకుండా ఉండలేకపోయారన్న ఈ చేదు నిజాన్ని పిల్లల సీరియల్‌లో పెట్టిన ధైర్యం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

శత్రువు యంత్రాల సంగతీ చెప్పుకోవాలి. గండమ్‌కు ఎరుపు, నీలం, పసుపు రంగులు బొమ్మల అమ్మకం కోసం వచ్చాయి. జియాన్ సైన్యపు జాకుల మీద అలాంటి ఒత్తిడి తక్కువ కాబట్టి ఒకావారా స్వేచ్ఛగా గీశాడు. ఒంటికన్ను, గొట్టాలు, మసి ఆకుపచ్చ రంగు. అది రాక్షసుడు కాదు. కర్మాగారంలో వందల కొద్దీ తయారై, పాడైతే బాగుచేసుకుని, మందుగుండు అయిపోతే వెనక్కి తిరిగే సైనిక సామగ్రి. ఒక ఎపిసోడ్‌లో మామూలు జియాన్ సిపాయిలు గండమ్‌కు బాంబులు అంటించి పేల్చాలని చూస్తారు. అమురో ఒక్కొక్కటే పీకేస్తాడు. ఓడిపోయిన ఆ సిపాయిలు ఊరి కుర్రాళ్లలా వేషం వేసుకుని, అంత గుండెధైర్యం ఉన్నవాడి ముఖం చూసిపోదామని వస్తారు. కథకు ఆ ఎపిసోడ్‌తో పెద్ద అవసరం లేదు. నాకు మాత్రం మొత్తం గండమ్ అంతా అందులోనే కనిపిస్తుంది.

సీరియల్ ఆగిపోయాక అసలు ఆదరణ మొదలైంది. 1980 జులైలో బందాయ్ కంపెనీ 300 యెన్‌ల ధరకు ప్లాస్టిక్ ముక్కలుగా అమ్మిన గండమ్‌ను పిల్లలు తమ చేతులతో జోడించుకున్నారు. జాకులు కూడా అమ్మకానికి వచ్చాయి, అంటే శత్రువును కూడా ఇంట్లో కూర్చుని ఓపిగ్గా తయారుచేసి రంగులు వేసేవాళ్లన్నమాట. 1982 జనవరిలో చిబా ప్రాంతంలో ఒక దుకాణానికి వీటికోసం ఎగబడిన పిల్లలు ఎస్కలేటర్ మీద పడి గాయపడేంత వరకు వెళ్లింది ఆ మోజు. పాత ఎపిసోడ్లను కూర్చి 1981, 1982లలో మూడు సినిమాలుగా విడుదల చేశారు. మొదటి సినిమాకు ముందు, 1981 ఫిబ్రవరి 22న, టోక్యో షిన్జుకులో సుమారు 15 వేల మంది అభిమానులు చేరారు. యానిమే, అంటే జపాన్ యానిమేషన్, కేవలం పిల్లలది కాదని ఆ రోజు వేదిక మీంచి ప్రకటించారు. తీర్పు చెప్పడానికి ఏడాదైనా ఆగని టీవీ లెక్కలకు అది గట్టి జవాబు.

దారి తెరుచుకున్నాక ఎవరికి తోచినట్టు వాళ్లు నడిచారు. 1982 అక్టోబరులో ‘మాక్రాస్’ వచ్చేనాటికి దాని యంత్రాలు రూపొందించిన షోజి కవామొరికి ఇరవై రెండేళ్లు. అమెరికన్ ఎఫ్-14 యుద్ధవిమానాన్ని పోలిన విమానం మడతలు విప్పుకుని మరమనిషిగా నిలబడటం ఇంజనీరింగ్ కళ్లతో చూసినా ముచ్చటేస్తుంది. శత్రువులు జెంత్రాది అనే మహాకాయులు. యుద్ధం తప్ప మరొకటి తెలియదు. వాళ్లకు పాట తెలియదు, పెళ్లి తెలియదు, పసిపిల్లలు తెలియదు. మిన్మే అనే అమ్మాయి పాట విని వాళ్లలో కొందరు యుద్ధం వదిలేస్తారు. ఇది తేలిక పరిష్కారమనేవాళ్లు సీరియల్ చివరి తొమ్మిది ఎపిసోడ్లు శ్రద్ధగా చూడాలి. యుద్ధం అయిపోయింది, భూమి దాదాపు బూడిదైంది. ఆయుధాలు వదిలిన ఆ మహాకాయులు మనుషుల మధ్య చిన్నచిన్న పనులు చేస్తూ బతకలేక మళ్లీ ఆయుధాల వైపు చూస్తారు. శాంతి వచ్చాక కథ తీరిగ్గా తొమ్మిది వారాలు నడవడం ఈ రకంలో చాలా అరుదు.

ర్యోసుకె తకాహషి దారి ఇంకా గరుకైనది. 1981 నాటి ‘డగ్రామ్’ ఎడారిలో తుప్పు పట్టి కూర్చున్న యంత్రంతో మొదలై, ఒక వలస గ్రహపు స్వాతంత్ర్య పోరాటాన్ని 75 ఎపిసోడ్లలో చెబుతుంది. అందులో తుపాకుల కంటే చర్చలకు, ఒప్పందాలకు, ద్రోహాలకు చోటెక్కువ. 1983 నాటి ‘వోటమ్స్’లో యంత్రం ఎత్తు నాలుగు మీటర్లే. హీరో దానికి పేరు పెట్టడు, ప్రేమగా తుడవడు. పాడైతే వదిలేసి మరొకటి ఎక్కుతాడు. వందేళ్ల యుద్ధం నుంచి బయటపడ్డ సిపాయి తన సొంత ముఖాన్ని వెతుక్కునే కథ అది.

గెలిచినవాళ్లు ఏమవుతారన్నది తొమినో 1985లో ‘జీటా గండమ్’తో అడిగాడు. ఏడేళ్ల కిందట భూమిని కాపాడిన సైన్యంలోనే టైటాన్స్ అనే దళం పుట్టి, నిరసన తెలిపిన ఒక కాలనీని విషవాయువుతో నింపుతుంది. కోటిన్నర మంది పోతారు. జియాన్ చేసిన నేరమే, చేసినవాళ్లు మారారు. పాత శత్రువు చార్ ఇప్పుడు అమురో పక్షాన నిలబడతాడు. 1988 నాటి ‘చార్స్ కౌంటర్ అటాక్’ సినిమాలో అదే చార్ ఒక గ్రహశకలాన్ని భూమి మీద పడేయాలని చూస్తాడు. మనుషుల మీద అతని నిరాశలో సగం రాజకీయం. మిగతా సగం లాలా పోయిన దుఃఖం. ఆ ఇద్దరు మగవాళ్లు భూమి కాలిపోయే అంచున నిలబడి ఆమె గురించే గొడవపడతారు.

ఈ మొత్తం పరంపరలో ఒక్కటే చూడమంటే నేను 1989లో ఆరు భాగాలుగా వీడియోలో వచ్చిన ‘వార్ ఇన్ ద పాకెట్’ను చూపిస్తాను. దర్శకుడు తొమినో కాదు, ఫుమిహికో తకాయామా. అల్ అనే బడి పిల్లాడు తటస్థ కాలనీలో ఉంటాడు. వాడికి యుద్ధమంటే సరదా, జాకులంటే పిచ్చి. భూసమాఖ్య యంత్రాలు వాడికి అందంగా కనిపించవు. ఊళ్లో రహస్యంగా తయారవుతున్న కొత్త గండమ్‌ను ధ్వంసం చేయడానికి వచ్చిన జియాన్ కుర్ర సైనికుడు బెర్నీతో వాడికి స్నేహం కుదురుతుంది. పక్కింటి అమ్మాయి క్రిస్ ఆ గండమ్ నడిపే పైలట్ అని వాడికి తెలియదు. క్రిస్, బెర్నీ ఒకరికొకరు పరిచయమై ఇష్టపడుతున్నారు కూడా. బెర్నీ ఓడితే ఊరంతటినీ అణుబాంబుతో లేపేస్తారని తెలిసి, పారిపోయే అవకాశం వదులుకుని అతను ఒక్కడే పాత జాకుతో గండమ్‌కు ఎదురు నిలుస్తాడు. బాంబు తెచ్చే ఓడ అప్పటికే పట్టుబడిందని, ఇక పోరాడే పని లేదని అల్‌కు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. పరిగెత్తుతాడు, అరుస్తాడు. క్రిస్మస్ రోజున ఆ రెండు యంత్రాలు వాడి కళ్లెదుటే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. తను చంపింది బెర్నీనని క్రిస్‌కు ఎన్నడూ తెలియదు. బడిలో ప్రధానోపాధ్యాయుడు ప్రసంగిస్తుంటే అల్ వెక్కివెక్కి ఏడుస్తాడు. యుద్ధం అయిపోయిందని ఏడుస్తున్నాడేమోననుకుని, త్వరలో ఇంకోటి వస్తుందిలేరా అని స్నేహితులు ఓదారుస్తారు. ముఖాలు తెలిసినవాడు ఒక్కడే. ఆ ఒక్కడూ పిల్లాడు.

తొంభైలలో పరిశ్రమ దృష్టి చెదిరింది. అంతకుముందే, 1988లో, హిదెయాకి అన్నో ‘గన్‌బస్టర్’తో అంతరిక్ష యుద్ధాన్ని కాంతివేగపు శాపంగా చూపాడు. యుద్ధానికి వెళ్లొచ్చే కొద్ది నెలల్లో భూమి మీద ఏళ్లు గడిచి, స్నేహితురాళ్లు పెద్దవాళ్లయిపోతారు. 1995లో ఆయనే ‘ఎవాంగెలియన్’తో రోబోను మనసు లోపలికి తిప్పాడు. అదే ఏడాది వచ్చిన ‘గండమ్ వింగ్’ 2000లో అమెరికా కార్టూన్ నెట్‌వర్క్‌లో ప్రసారమై కొత్త అభిమానులను తెచ్చిపెట్టింది. అయిదుగురు అందమైన కుర్రాళ్లు, అయిదు గండమ్‌లు. బాగానే ఉంటుంది గానీ, ఎదుటివైపు సిపాయిలు మళ్లీ ముఖాలు పోగొట్టుకోవడం నాకు నచ్చదు.

2002 అక్టోబరులో మొదలైన ‘గండమ్ సీడ్’ ఆ లోటు తీర్చింది. జన్యువులు మార్చుకుని పుట్టినవాళ్లకూ మామూలుగా పుట్టినవాళ్లకూ మధ్య ద్వేషం. చిన్ననాటి స్నేహితులు కిరా, అథ్రున్ చెరో పక్షాన. ప్రతీకారం ప్రతీకారాన్ని పుట్టించి ఎక్కడా ఆగదన్న మాట ఆ పాత్రలు మాట్లాడుకుంటున్న నెలల్లోనే ఇరాక్ మీద బాంబులు పడుతున్నాయి. 2007 నాటి ‘డబుల్ ఓ’ హీరో బాల సైనికుడిగా పెరిగినవాడు. 2015 నాటి ‘ఐరన్ బ్లడెడ్ ఆర్ఫన్స్’లో అంగారకుడి మీద అనాథ పిల్లలను వెన్నులో లోహపు ముక్కలు దించి యంత్రాలకు జోడిస్తారు. వాళ్లు గెలిచి మంచి బతుకు బతకాలని ఎంత కోరుకుంటామో, కథ అంత నిర్దాక్షిణ్యంగా కాదంటుంది.

ఈ పరంపర మీద ఒక అభ్యంతరం మొదటి నుంచీ ఉంది. యుద్ధం చెడ్డదని చెబుతూ ఆయుధాలనే బొమ్మలుగా అమ్ముతారు కదా అని. అది తోసిపుచ్చలేని మాట. పేలుడు అందంగా గీసినంత కాలం చూసేవాడికి ఆ పేలుడు మీద మోజు ఉంటుంది. తొమినో తరం ఆ మోజును దాచలేదు, దాన్నే ఎరగా వేసింది. యంత్రం కోసం వచ్చి కూర్చున్న పిల్లాడికి రాంబా రాల్‌ను చూపించింది. బొమ్మల కంపెనీ లేకుండా ఈ కథలు తెర మీదికి వచ్చేవే కావు. కంపెనీ చెప్పినట్టే తీసి ఉంటే ఇన్నేళ్లు నిలిచేవీ కావు. ఈ చిక్కుముడి నేటికీ విడిపోలేదు. 2009లో టోక్యో ఒదైబాలో 18 మీటర్ల గండమ్ విగ్రహం నిలబెడితే లక్షల మంది చూశారు. 2020 డిసెంబరు నుంచి 2024 మార్చి వరకు యొకొహామా రేవులో అదే ఎత్తు యంత్రం అడుగు కదిపింది, మోకాలు వంచింది. యొకోయామా పుట్టిన కోబేలో తెత్సుజిన్ విగ్రహం 2009లోనే లేచింది, 1995 భూకంపంలో చితికిన నగాతా పేటలో, కోలుకున్నందుకు గుర్తుగా. యుద్ధపు ఆయుధంగా పుట్టిన బొమ్మను ఒక పేట తన బతుకుకు గుర్తుగా పెట్టుకోవడం ఈ చరిత్రలో నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

ఇప్పటి నిజమైన యుద్ధాలు మినోవ్‌స్కీ కణాలకు ఎదురు దిశలో వెళ్తున్నాయి. డ్రోన్ నడిపేవాడు తెర ముందు కూర్చుంటాడు. అవతల ఉన్నది చిన్న చుక్క. బహుశా అందుకే గత కొన్నేళ్లుగా వస్తున్న గండమ్‌లు ఆయుధం నడిపేవాళ్ల కంటే ఆయుధం అమ్మేవాళ్ల మీద కన్నేశాయి. 2022 అక్టోబరులో మొదలైన ‘ద విచ్ ఫ్రమ్ మెర్క్యురీ’ ఆయుధ కంపెనీల వారసులు చదివే బడిలో నడుస్తుంది. గండమ్ టీవీ సీరియల్‌కు ఒక అమ్మాయి ప్రధాన నాయిక కావడం అదే మొదలు. తల్లి మాటను వేదంగా నమ్మి, నవ్వుతూనే ఒక మనిషిని యంత్రపు అరచేతితో నలిపేసే ఆ నాయిక సులెత్తా దృశ్యం చూసినవాళ్లు మరిచిపోలేరు.

2025లో వచ్చిన ‘జీక్వాక్స్’ను కజుయా త్సురుమాకి దర్శకత్వంలో ఎవాంగెలియన్ సినిమాలు తీసిన ఖారా స్టూడియో, సన్‌రైజ్ కలిసి తీశాయి. 1979 నాటి మొదటి ఎపిసోడ్‌ను తీసుకుని ఒకే ఒక్క మలుపు మార్చారు. అమురో ఎక్కాల్సిన గండమ్‌ను చార్ ఎత్తుకుపోతాడు, యుద్ధంలో జియాన్ గెలుస్తుంది. కథ ముందుకు సాగేకొద్దీ ఆ మారిన లోకం ఎక్కడి నుంచి పుట్టిందో తెలుస్తుంది. మరో లోకంలో చార్ చావును తట్టుకోలేని లాలా, అతను బతికి ఉండే లోకాన్ని కోరుకుంది. మొదటి గండమ్‌లో ఇద్దరు యోధుల మధ్య అడ్డుపడి చనిపోవడమే పాత్రగా మిగిలిన ఆ అమ్మాయికి ఈసారి తనకంటూ ఒక కోరిక, దానికోసం లోకాన్నే మార్చే బలం దక్కాయి.